వినుట నేర్చిన వృత్తి

దుఃఖము కలిగిన మనుష్యుడు దానిని మరియొకరి చెంత చెప్పుకొనుట మానవజాతి యంత ప్రాచీనమైన ఆచారము. గ్రామమున పెద్దయో, ఇంటి పురోహితుడో, నాడిపట్టిన వైద్యుడో, వంటయింటి గడపకడ కూర్చున్న మేనత్తయో ఆ మాటలను వినుచునే వచ్చిరి; విని ధైర్యము చెప్పిరి, మందలించిరి, తాయెత్తు కట్టిరి, లేదా కాలమే మాన్పునని సమాధానపరచిరి. అయితే ఈ వినుటయే ఒక వృత్తియై, దానికి శాస్త్రమును, శిక్షణయు, నియతమైన గదియు, నియతమైన గంటయు ఏర్పడి, వినువాడు తాను సరిగా వింటినా లేదా యని ఇతరుల యెదుట పరీక్షకు నిలువవలసిన స్థితి కలిగి ఇంకను నూరేండ్లు నిండలేదు. క్లినికల్ సైకాలజిస్టు అని నేడు మనము పిలుచు ఉద్యోగి చరిత్రలో నాకు ముఖ్యముగా తోచు సంగతి ఇదియే: ఎదుటివానిని పరీక్షించుటతో మొదలిడిన ఆ వృత్తి, తన మాటను తానే పరీక్షించుకొనుటకు సిద్ధపడిన నాడు గాని చికిత్స యను పేరునకు అర్హము కాలేదు.

మొదలు అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున. 1896వ సంవత్సరము మార్చి నెలలో మార్గరెట్ మగ్వైర్ అను ఉపాధ్యాయురాలు, పదునాలుగేండ్ల బాలు నొకనిని గూర్చి సలహా కోరి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునకు వచ్చెను. ఎంత నేర్పినను ఆ బాలునికి అక్షరములు కూర్చి పదము తప్పులేక వ్రాయుట పట్టుబడలేదు. అచటి ఆచార్యుడు లైట్నర్ విట్మర్, అప్పటికి నాలుగేండ్ల క్రిందట జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ వద్ద పట్టము పుచ్చుకొని వచ్చినవాడు; ప్రయోగశాలలో యంత్రములు పెట్టి, వెలుతురు కన్పడిన యెన్ని క్షణభాగములకు మనుష్యుడు మీట నొక్కునో కొలుచు విద్య యందు ఆరితేరినవాడు. ఆ విద్య నిజముగా మనస్సును గూర్చిన శాస్త్రమే యైనచో ఇట్టి బాలునికి ఎంతోకొంత సాయపడగలిగి యుండవలెను గదా యని అతడు తలపోసెను. పరీక్షింపగా బాలుని దృష్టిలో దోషము కనబడెను. కండ్లద్దములు తెప్పించిరి, చదువు నేర్పు రీతిని మార్చిరి. ఆ యేటనే అచట ప్రపంచమున మొదటిదని చెప్పదగిన సైకలాజికల్ క్లినిక్ వెలసెను. 1907లో విట్మర్ ఒక పత్రికను స్థాపించి, అందలి తొలి వ్యాసమున ఈ క్రొత్త వృత్తికి క్లినికల్ సైకాలజీ యని పేరు పెట్టెను. ఆ మహాశయుని సేవ చిన్నది కాదు. అయినను అతని క్లినిక్కులో ప్రధానమైనవి పరీక్షయు, కొలతయు, బోధనయు. బాలునికి తన బాధను గూర్చి తానేమి చెప్పవలసి యున్నదో వినుట ఆ విధానమున ఇంకను ఒక పనిగా లెక్కకు రాలేదు.

తరువాతి ముప్పదేండ్లు కొలబద్దల కాలము. 1905లో ఫ్రాన్సున బినే రచించిన బుద్ధిపరీక్ష సముద్రము దాటి అమెరికా పాఠశాలలలో వ్యాపించెను. మొదటి ప్రపంచయుద్ధములో 17 లక్షల మంది సైనికులకు బుద్ధిపరీక్షలు జరిపిరి. బాలల చికిత్సాలయములలో పని మూడు పాళ్లుగా పంచబడి యుండెను. మానసిక వైద్యుడు చికిత్స చేయును. సంఘసేవకురాలు తల్లిదండ్రులను విచారించును. సైకాలజిస్టు బొమ్మలును, కొయ్యముక్కలును, ప్రశ్నపత్రములును గల పెట్టెను ముందిడుకొని బాలుని బుద్ధిని లెక్కగట్టి ఒక అంకె వ్రాసియిచ్చును. అంకె వ్రాసిన పిమ్మట అతని పని ముగిసెను. చికిత్స యనునది వైద్యపట్టము గలవారి సొత్తు. సైకాలజిస్టు దానిలో చేయిపెట్టుట ఆనాటి మర్యాదకు భంగము.

ఇట్టి కాలమున, 1928లో, న్యూయార్కు రాష్ట్రమందలి రాచెస్టర్ పట్టణమునకు కార్ల్ రాజర్స్ అను ఇరువదియారేండ్ల యువకుడు కొలువునకు వచ్చెను. షికాగో శివారున 1902లో గాఢమైన దైవభక్తి గల కుటుంబమున జన్మించి, పండ్రెండవ యేట తల్లిదండ్రులతో కూడ పల్లెపొలమునకు చేరి, అచట రాత్రివేళ నెగురు పెద్ద సీతాకోకచిలుకలను పెంచి గమనించుటలోను, పశువుల మేతను గూర్చిన లావుపాటి శాస్త్రగ్రంథమును చదువుటలోను బాల్యము గడపినవాడు. కళాశాలలో వ్యవసాయము చదువ మొదలిడి, పిదప మతబోధకుడు కాగోరి, 1922లో క్రైస్తవ విద్యార్థుల మహాసభకు చైనా దేశము పోయివచ్చి, తుదకు న్యూయార్కులోని మతవిద్యాలయమును విడిచి వీథి కావలివైపున నున్న టీచర్స్ కాలేజీలో మనస్తత్త్వశాస్త్రమున స్థిరపడెను. రాచెస్టర్‌లో అతడు చేరినది బాలలపై క్రూరత్వమును నివారించు సంఘమువారి బాలపరిశీలన శాఖ. దొంగతనములు చేసినవారు, ఇల్లు విడిచి పారిపోయినవారు, పెంపుడిండ్లలో ఇమడనివారు, ఎవరికిని లొంగక బడి మాన్పింపబడినవారు అతని గదికి వచ్చుచుండిరి. పండ్రెండేండ్లు అచటనే గడచెను.

ఆ పండ్రెండేండ్లలో జరిగిన రెండు చిన్న సంగతులు, అతడే తరువాత వ్రాసికొన్నవి, ఈ వృత్తి చరిత్రమున పెద్ద గ్రంథముల కంటె విలువైనవని నా నమ్మకము. కొలువున చేరిన తొలినాళ్లలో ఒక తల్లితో జరిగిన సంభాషణ అచ్చయి కన్పడగా, ప్రశ్నించినవాని నేర్పునకు మురిసి, రాజర్స్ దానిని తన సహోద్యోగులకు ఆదర్శముగా చూపెను. ఒక్కొక్క ప్రశ్నతో తల్లిని దారికి తెచ్చి, తప్పంతయు తన మనస్సులోనే యున్నదని ఆమెచేతనే ఒప్పించిన సంభాషణ అది. కొన్ని యేండ్ల తరువాత అట్టి పనికే దానిని వెదకి తీసి చదివికొనగా అతనికి దిగ్భ్రమ కలిగెను: అది న్యాయవాది సాక్షిని బోనులో నిలిపి చేయు ఎదురు విచారణవలె నుండెను. ఒప్పుకోలు దొరకినది గాని, ఆ తల్లికిని బిడ్డకును దానివలన ఒరిగినది యేమి?

రెండవది మరియొక తల్లి కథ. ఆమె కుమారుడు మిక్కిలి అల్లరివాడు. బిడ్డ పసితనమున తల్లి అతనిని మనసార దగ్గరకు తీయకపోవుటయే మూలమని రాజర్స్ నిశ్చయించుకొని, అనేక పర్యాయములు ఆమెను కూర్చుండబెట్టి, ఆమె చెప్పిన వానినే ఏరి కూర్చి, మెల్లమెల్లగా ఆ సత్యమును ఆమెకు కనబరుప యత్నించెను. ఫలము శూన్యము. తుదకు, మన మిద్దరమును యత్నించితిమి, సాధ్యము కాలేదు, ఇక విరమింతమని చెప్పగా ఆమెయు సమ్మతించెను. కరచాలనము చేసికొని లేచి తలుపు దాక నడచి, అచట వెనుదిరిగి, ఇచట పెద్దవారిని కూడ చూతురా యని అడిగెను. చూతుమనగానే తిరిగివచ్చి, తాను విడిచిన ఆ కుర్చీలోనే కూర్చుండి, తన దాంపత్యమున నిండిన నిరాశను, భర్తతోడి క్లేశమును, తాను దేనికిని కొఱగాక పోతినను గుబులును ధారగా వెళ్లబోసికొనెను. అంతవరకు ఆమె బిడ్డను గూర్చి అప్పగించిన పొడిపొడి వృత్తాంతమునకును ఈ మాటలకును పోలికయే లేదు. నిజమైన చికిత్స అపుడు మొదలై, ఆమెకును, క్రమముగా బాలునికిని మేలు చేకూర్చెను. ఎచట నొప్పి కలదో, ఏ త్రోవను పోవలెనో, ఏ అనుభవము లోతున పూడియున్నదో వచ్చినవారికే తెలియునని, తన తెలివిని ప్రదర్శింపవలెనను కోరిక లేనిచో వారిని నమ్మి వెంట నడచుటయే మేలని అతనికి ఆనాడు స్ఫురించెను. ఫిలడెల్ఫియాలో జెస్సీ టాఫ్ట్ మొదలగు సంఘసేవకులును, వియన్నానుండి వచ్చిన ఆటో ర్యాంకును అప్పటికే ఇట్టి మార్గమును త్రొక్కియుండిరి. ర్యాంకు 1936లో రాచెస్టర్ వచ్చి ప్రసంగించెను కూడ. అయినను రాజర్స్‌కు మొదటి గురువు తలుపు దగ్గర వెనుదిరిగిన ఆ తల్లియే యని నేననుకొందును.

1940లో అతడు ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. ఆ యేడు డిసెంబరు 11వ తేదీన మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఉపన్యసించుచు, సలహా చెప్పుట, ఒప్పించుట, భయపెట్టుట, మెత్తగా మందలించుట మొదలగు పాతపద్ధతులను ఒక్కొక్కటిగా పేర్కొని ఖండించెను. విద్యార్థులకు మార్గోపదేశము చేయు శాస్త్రమునకు మిన్నెసోటాయే ఆనాడు పేరుమోసిన పీఠము. సభలో కొందరికి ఆశ్చర్యమును, కొందరికి ఆగ్రహమును కలిగెను. తన చికిత్సావిధానము జన్మించిన దినముగా రాజర్స్ పిమ్మట ఆ దినమునే చెప్పుకొనెడివాడు.

జన్మదినము ఉపన్యాసమునకు చెందినను, ప్రాణము పోసినది మాత్రము ఒక యంత్రము. అంతకుముందు చికిత్సాగదిలో ఏమి జరిగినదో లోకమునకు చెప్పినవారు చాలవరకు జ్ఞాపకము మీదనే ఆధారపడిరి. ఫ్రాయిడ్ అంతటివాడు పగలు విన్నదానిని సాయంకాలము జ్ఞప్తికి తెచ్చుకొని వ్రాసెను. వినువాని జ్ఞాపకము వినువాని పక్షమే వహించును. ఒహాయోలో బెర్నార్డ్ కోవ్‌నర్ అను విద్యార్థి సాయముతో రాజర్స్ మాటలను గ్రామఫోను పళ్లెములమీద చెక్కింప నారంభించెను. గదిలో మైకు, పక్కగదిలో రెండు యంత్రములు. ఒక్కొక్క పళ్లెముపై పట్టునది సుమారు మూడు నిమిషముల మాట. ఒకటి ముగియుచుండగానే రెండవదానిపై సూది దింపవలెను. సూది చెక్కగా లేచిన సన్నని పొట్టును ఎప్పటికప్పుడు తుడిచివేయవలెను. గంట సంభాషణ ముగియునప్పటికి ఇరువది పళ్లెములు పేరుకొనెడివి. వానిని మరల మరల తిరుగనిచ్చి, మాట మాటకును నిలిపి, దగ్గును మౌనమును కూడ విడువక కాగితమున నెక్కించిరి.

విన్నవారికి కలిగిన సిగ్గు ఎంతటిదో ఊహింపవచ్చును. తాము ఓపికగా వింటిమని నమ్మిన విద్యార్థులు, ఎదుటివారు అసలు మాట చెప్పబోవు క్షణమున తామే అడ్డుపడి వేరుత్రోవను పట్టించుటను తమ చెవులారా వినిరి. ఏ మాటతో కంఠము ముడుచుకొన్నదో, ఏ మాటతో విచ్చుకొన్నదో పళ్లెము మీద వ్రేలుపెట్టి చూపవచ్చును. పోర్టర్ అను శిష్యుడు ఇట్టి సంభాషణలలోని మాటలను లెక్కించి, ఉపదేశించు పద్ధతివారు ఉపదేశింపని పద్ధతివారికంటె అనేక రెట్లు ఎక్కువ మాటలాడుచున్నారని తేల్చెను. 1942లో ప్రకటించిన గ్రంథమున రాజర్స్, హెర్బర్ట్ బ్రయన్ అను మారుపేరు గల యువకునితో జరిగిన ఎనిమిది సమావేశములను ఆద్యంతము, ఒక్కొక్క పలుకునకు సంఖ్య వేసి, అచ్చొత్తించెను. చికిత్స మొదటినుండి చివరివరకు మాటకు మాటగా లోకము ముందు నిలిచిన మొదటిసారి అది. ఏ పలుకు తప్పో, ఏది తొందరపాటో అడుగున వ్యాఖ్యలలో చూపెను. వైద్యవృత్తులలో ఇంతటి సాహసమునకు సాటి అరుదు.

ఆ పద్ధతి ఎట్టిదో మన యింటి మాటలతో ఊహించి చూపెదను. ఒక నడివయస్సు స్త్రీ వచ్చి, “నేను ఈ ఇంట్లో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటేనండీ” అన్నదనుకొందము. “అలా అనుకోకూడదమ్మా, పిల్లల మొహం చూసుకోండి” అనుట మనకందరికిని నోటికి వచ్చు సమాధానము. అందులో ప్రేమయు కలదు. కాని ఆ మాటతో ఆమె చెప్పదలచినది లోపలనే నిలిచిపోవును. “మీరు ఉన్నారన్న సంగతే ఎవరికీ పట్టడం లేదనిపిస్తోందా అమ్మా?” అని అడిగినచో, ఆమె క్షణమాగి, “పట్టకపోవడం కాదండీ. పట్టినట్టు నటిస్తారు చూడండీ, అదీ నా బాధ” అనవచ్చును. వినువాని అర్థము తప్పైనది. అయినను ఆ తప్పును దిద్దుటలోనే ఆమె తన బాధను ఒక మెట్టు దగ్గరగా చూచికొన్నది. రాజర్స్ మార్గమున చికిత్సకుని పని అంతయు ఇంచుమించు ఇదియే, ఇది మిక్కిలి కష్టమైనదియు.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసి, మనస్సు చెదరిన సైనికులు వేలసంఖ్యలో తిరిగి రాగా, వారికి చాలినంత మంది మానసిక వైద్యులు లేకపోయిరి. 1946 మొదలు అమెరికా ప్రభుత్వమే మాజీ సైనికుల శాఖ ద్వారా క్లినికల్ సైకాలజిస్టులకు శిక్షణ ఇప్పించెను. 1949లో బోల్డర్ పట్టణమున జరిగిన మహాసభ వారు శాస్త్రపరిశోధకులును చికిత్సకులును కావలెనని నిర్ణయించెను. పెట్టె పుచ్చుకొని అంకె వ్రాసియిచ్చిన ఉద్యోగి ఇట్లు చికిత్సాగదిలో కుర్చీ సంపాదించెను.

రాజర్స్ 1945లో షికాగో చేరి, పండ్రెండేండ్లు అచటి కౌన్సెలింగ్ కేంద్రమును నడపెను. అచటి కాలమునకు చెందిన ఒక వృత్తాంతమును చాలమంది దాటవేయుదురు, నేను దాటవేయలేను. తీవ్రమైన మనోవ్యాధి గల ఒక స్త్రీకి సాయపడుచు, ఆమె క్లేశములో తానును మునిగి, తన హద్దులు తనకే తెలియనంతగా కలత చెంది, ఒకనాడు అన్నియు విడిచి భార్యతోకూడ ఊరు వెడలిపోయెను. కొన్ని నెలలకు తిరిగివచ్చి, తాను శిక్షణ ఇచ్చిన సహచరు నొకనివద్దనే చికిత్సకు కూర్చుండెను. ఇతరులకు పంచుచున్న ఆదరమునకు తాను తగనని అంతకాలము లోలోపల నమ్మియుంటినని ఆ చికిత్సలోనే అతనికి తెలియవచ్చెను. ఈ సంగతిని అతడు దాచలేదు.

కొలతను కూడ అతడు విడువలేదు, దాని ముఖమును మాత్రము త్రిప్పెను. నూరు చీట్లు, ఒక్కొక్కదానిమీద మనుష్యుడు తన్ను గూర్చి చెప్పుకొనదగిన ఒక వాక్యము. వచ్చినవారు వానిని తమకు బొత్తిగా వర్తింపనిది మొదలు మిక్కిలిగా వర్తించునది వరకు తొమ్మిది కుప్పలుగా పేర్చవలెను. పిదప, తాము ఎట్లుండగోరుదురో ఆ ప్రకారము మరల పేర్చవలెను. చికిత్సకు ముందు ఆ రెండు పేర్పులకును సంబంధమే లేదు: సగటున గుణకము −0.01. చికిత్స ముగిసిన పిమ్మట 0.34. 1954లో ప్రకటితమైన ఈ ఫలితములు అతిశయమైనవి కావు గాని, తన్ను గూర్చి తీర్పు చెప్పు అధికారము ఇచట పరీక్షింపబడు వారికే దక్కినది గదా! బినే పెట్టెనుండి ఈ చీట్ల వరకు గల దూరము యాబదేండ్లు.

చికిత్సకునియందు మూడు గుణములు ముఖ్యమని 1957లో అతడు సూత్రీకరించెను: లోపలిదొకటి పైకొకటి లేని సత్యప్రవర్తన, నియమములు విధింపని ఆదరము, ఎదుటివాని లోకమును అతని కండ్లతో చూడగల సహానుభూతి. ఆ యేడే విస్కాన్సిన్‌కు పోయి, మెండోటా ప్రభుత్వ మానసిక చికిత్సాలయమున, బాహ్యలోకముతో తెగతెంపులు చేసికొన్నట్టి స్కిజోఫ్రీనియా రోగులయందు ఈ సూత్రమును పరీక్షించెను. అచట మాటలు లేవు. ఒక యువకుడు గంటలో అధికభాగము తల వంచుకొని మౌనముగా కూర్చుండెడివాడు. రాజర్స్ కూడ అట్లే కూర్చుండెను. అప్పుడప్పుడు, మీకేమి తోచుచున్నదో నాకు తెలియదు గాని నేనిచట ఉన్నాను, అను అర్థము గల మాట మాత్రము మెల్లగా పలికెడివాడు. తాను దేనికిని పనికిరానివాడ నని ఆ యువకుడు ఒకనాడు గొణగగా, నాకు మాత్రము మీరు కావలసినవారని రాజర్స్ బదులు పలుకగా, అతడు వెక్కివెక్కి ఏడ్చెను. అయితే మొత్తము పరిశోధన ఆశించిన జయమును ఈయలేదు. చికిత్స పొందినవారికిని పొందనివారికిని మధ్య గొప్ప భేదము కనబడలేదు. పరిశోధకులలో వారికి వారికే కలహములు చెలరేగి, గ్రంథము 1967 దాక వెలువడలేదు. మనస్సు నట్లు విరిచివైచు వ్యాధులకు ఔషధమును, ఆశ్రయమును, కుటుంబమును లేక ఆదరమొక్కటే చాలదని ఒప్పుకొనవలసినదే.

ఆదరము లేకున్నచో అవియు చాలవనుట మన దేశమున అమృత్‌సర్ నగరమున కనబడెను. స్వాతంత్ర్యానంతర దశాబ్దమున అచటి మానసిక చికిత్సాలయమున వైద్యుడు విద్యాసాగర్, రోగుల బంధువులను ఇంటికి పంపక ఆవరణలోనే గుడారములు వేయించి నిలిపి, వారిచేతనే పరిచర్య చేయించి, వ్యాధిని గూర్చి వారికి బోధించెను. వేలూరులోను బెంగుళూరులోను కూడ ఈ పద్ధతి వేళ్లూనినది. రాజర్స్ గదిలో రెండే కుర్చీలు. మన గదికి తల్లియు, మేనమామయు, ఒక్కొక్కప్పుడు పొరుగింటివారును కూడ వత్తురు. వారిని బయట నిలుపుట ఎప్పుడు మేలో, లోపలికి పిలుచుట ఎప్పుడు మేలో తెలియుట ఇచటి చికిత్సకునికి ప్రత్యేకవిద్య.

1954లో బెంగుళూరున స్థాపితమై, పిదప నిమ్‌హాన్స్‌గా మారిన సంస్థ ఈ వృత్తికి మన దేశమున శిక్షణాపీఠము. ఈనాడు క్లినికల్ సైకాలజిస్టు కాగోరువాడు గురువుల కనుసన్నల మెలగి శిక్షణ పొందవలెను. 2017 నాటి మానసికారోగ్య చట్టము రోగి మాటను రహస్యముగా కాపాడవలెనని విధించినది. ఇన్ని ఏర్పడినను ఒక లోపము నన్ను బాధించును. శిక్షణ ఇంగ్లీషున, గ్రంథములు ఇంగ్లీషున, కేసు ఫైలు ఇంగ్లీషున. వచ్చిన వారి దుఃఖము మాత్రము తెలుగున. ఆమె పలికిన వాక్యము ఫైలులో చేరునప్పటికి ఒక లక్షణము పేరై, పక్కన గుర్తు పెట్టిన గడియై మిగులును; ఒహాయోలో పళ్లెము మీద పళ్లెము మార్చి కాపాడదలచినది ఏదో అదియే ఇచట జారిపోవును. శిక్షణలో నున్న యువతీయువకులు ఆమె సమ్మతితో ఆ సంభాషణను, ఆమె మాటను తమ మాటను కూడ, పలికినది పలికినట్లే తెలుగున వ్రాసికొని, ఫైలు పూరించుటకు ముందు గురువునకు చదివి వినిపించినచో, ఎచట విన్నారో, ఎచట అడ్డుపడిరో ఆ గురువు వాక్యము వాక్యమునకును వ్రేలుపెట్టి చూపగలడు. దానికి నేడు ఇరువది పళ్లెములును రెండు యంత్రములును అక్కరలేదు; ఒక నోటుపుస్తకమును, గురువునకు వారమున ఒక గంట తీరికయు చాలును.